ఏ చర్మం గురించి మాట్లాడుతున్నాం?

వేపాకు సబ్బు, పసుపు క్రీము, కలబంద జెల్, ముల్తానీ మట్టి. ఇప్పుడు బజారులో "సహజం" అన్న ముద్ర పడితే చాలు, సరుకు అమ్ముడుపోతోంది. దుమ్ము నుంచి, ఎండ నుంచి, రసాయనాల నుంచి చర్మాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పే వీడియోలకు లెక్కే లేదు. వాటిలో తప్పేమీ లేదు. కానీ వాటిలో కనిపించే చర్మం ఎక్కువగా నీడపట్టున ఉండే చర్మం. దానికి అంటుకునే దుమ్ము దారిలో అంటుకున్నది, ఇంటికి రాగానే కడిగేసుకునేది.

మేము ఇక్కడ వేరే చర్మం గురించి మాట్లాడుతున్నాం. మిర్చి తొడిమలు తీసే చేతులు. రోడ్డు పక్కన బ్లీచింగ్ చల్లే చేతులు. తడి సిమెంటులో నిలబడే పాదాలు. జీడిపిక్కలు ఒలిచే వేళ్లు. ఈ చర్మానికి తగిలేది దారిలో దుమ్ము కాదు, కూలి తెచ్చిపెట్టే పని. ఆ పనిలో ఎవరు ఉన్నారు, ఎందుకు వాళ్లే ఉన్నారు అన్నది కులం తేల్చిన విషయం. అందుకే చర్మ సంరక్షణ అనేది అందం పేజీలో ముగిసిపోయే ముచ్చట కాదని మేము అంటున్నాం.

మిరపకాయ కూడా సహజమే

"సహజమైనది ఏదీ హాని చెయ్యదు" అనే మాట ఎంత ఉత్తదో తెలుసుకోవాలంటే గుంటూరు వెళ్తే చాలు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో గుంటూరు యార్డు ఒకటి. ఖమ్మం, వరంగల్ ఏనుమాముల మార్కెట్లకు కూడా సీజన్‌లో మిర్చి బస్తాలు కొండల్లా వస్తాయి. యార్డుల చుట్టూ, కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని కాయ నుంచి తొడిమ తీసే పనిలో ఉన్నది ఆడవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది దళిత, బహుజన, వలస కూలీ కుటుంబాల వాళ్లు. కూలి చాలా చోట్ల కిలోల లెక్కన ఇస్తారు.

మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో అది ఎక్కువ. చర్మం కింద వేడిని గుర్తుపట్టే నరాలు ఉంటాయి. క్యాప్సైసిన్ వాటిని తట్టి లేపుతుంది. నిప్పు లేకపోయినా నిప్పు తగిలినట్టే శరీరం నమ్ముతుంది. రోజంతా ముట్టుకునే వాళ్లకు ఆ మంట రాత్రి నిద్రలో కూడా వదలదు. కంటి రెప్ప తుడుచుకోవాలన్నా భయం, చంటిబిడ్డను ఎత్తుకోవాలన్నా భయం.

మిర్చి చేతుల మంటకు వైద్య పుస్తకాల్లో ఒక పేరుంది: "హునాన్ హ్యాండ్". మిరపకాయ ఎక్కువ వాడే చైనా ప్రాంతం పేరు మీద, వంట చేసేవాళ్ల చేతులు చూసి పెట్టిన పేరు అది. గుంటూరులో సీజన్ పొడవునా మండే చేతులకు మాత్రం ప్రత్యేకంగా ఏ పేరూ లేదు. పేరు లేని జబ్బుకు లెక్క ఉండదు, లెక్క లేని జబ్బుకు పరిహారం ఉండదు.

మిరప ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకు పేరుపడింది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మం మీద పడితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి, వేళ్లు నల్లబడతాయి. బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకలివాళ్లు వాడిన నల్లజీడి రసానిది కూడా ఇదే గుణం. పొగాకు చేలలో మంచుకు తడిసిన ఆకు కోసే కూలీలకు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఇక వయ్యారిభామ ఉండనే ఉంది. 1950ల్లో పుణె దగ్గర మన దేశంలో మొదట గుర్తించిన ఈ కలుపు, ఇప్పుడు పొలం గట్ల నుంచి రైలు పట్టాల దాకా పరుచుకుంది. కలుపు తీసే వాళ్లకు ముఖం, మెడ, కనురెప్పలు, మోచేతి మడతల్లో దద్దురు లేచి, ఏళ్ల తరబడి వదలదు. ఒళ్లు పాడుచేసే కలుపుకు ఆడమనిషి పేరు పెట్టింది సమాజం. దాన్ని పీకే పని కూడా ఆడవాళ్లకే పెట్టింది.

ఇవన్నీ సహజమైనవే. కాబట్టి అడగవలసింది "ఇది సహజమా, రసాయనమా" అని కాదు. "ఎంతసేపు తగులుతోంది, ఎవరికి తగులుతోంది, కడుక్కునే వీలుందా" అని.

వంటింటి మందుల్లో ఏవి పనికొస్తాయి

మన ఇళ్లలో ఉన్న తెలివిని మేము తక్కువ చెయ్యడం లేదు. మిర్చి మంట సంగతే చూడండి. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే మంట పోకపోగా పక్కకు పాకుతుంది. ముందు కొబ్బరినూనెనో వేరుశనగ నూనెనో చేతులకు బాగా పట్టించి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగాలి. వేడినీళ్లు వాడితే మంట పెరుగుతుంది. పనికి కూర్చునే ముందు చేతులకు నూనె రాసుకోవడం మన పెద్దవాళ్లు చేసే పనే. ఎండి పగిలిన చర్మానికి కొబ్బరినూనె మంచి కాపు. పగుళ్లు లోతుగా ఉంటే వ్యాజిలైన్ ఇంకా బాగా పనిచేస్తుంది. అది చెట్టు నుంచి రాలేదని వదులుకోనక్కర్లేదు.

కొన్ని మాత్రం మానుకోవాలి. పెయింటర్లు, మెకానిక్కులు చేతుల మరక వదిలించడానికి కిరసనాయిలు వాడతారు. అది మరకతో పాటు చర్మంలో ఉండే సహజమైన నూనెను కూడా లాగేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. బట్టల సబ్బు, సోడా దానికి పూర్తిగా ఎదురు గుణం. వాటితో రోజూ చేతులు తోముకుంటే పైపొర దెబ్బతిని, తర్వాత తగిలే ప్రతిదీ లోపలికి దిగుతుంది. పుండు మీద నిమ్మరసం, టూత్‌పేస్టు, బూడిద పెట్టడం కూడా అంతే. పసుపు, వేపనూనె చాలామందికి పడతాయి. కొందరికి వాటితోనే దద్దురు వస్తుంది. ముంజేతి మీద కొంచెం రాసి ఒకరోజు చూడటం మంచిది.

ఇక్కడ ఒక మాట గుర్తు చేసుకోవాలి. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడితే 1997లో అది రద్దయింది. దేశమంతా "మా అమ్మమ్మల తెలివి" అని గర్వపడింది. గర్వపడవలసిందే. కానీ ఈ నేల మీద చర్మం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన వాళ్లు ఇంకొకరు ఉన్నారు. తంగేడు చెక్కతో పచ్చి తోలును కుళ్లకుండా, నీటికి పాడవకుండా చేసే విద్య మాదిగలది. వ్యవసాయానికి మోట, మనిషికి చెప్పు, పండగకు డప్పు ఇచ్చిన విద్య అది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన "టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్"లో తోలు పనికి ఒక అధ్యాయం ఉంది. బడి పుస్తకాలు మాత్రం దాన్ని శాస్త్రం అనడానికి ఇప్పటికీ జంకుతున్నాయి. పసుపు వంటింట్లో ఉంది కాబట్టి వారసత్వం అయింది. తంగేడు లంద వెలివాడలో ఉంది కాబట్టి కంపు అయింది.

ఎండ, రంగు, ట్యూబు మందు

1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్‌లీ అయింది. పేరు మారింది గానీ, తెల్లబడితే పెళ్లవుతుంది, ఉద్యోగం వస్తుంది అన్న నమ్మకం మారలేదు. చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎండలోని హానికర కిరణాల నుంచి చర్మాన్ని కాపాడే పదార్థం. ఎండలో పనిచేసే మనిషికి అది పుట్టుకతో వచ్చిన గొడుగు. ఆ గొడుగునే అవమానంగా మార్చి, దాన్ని చెరిపేసుకోవడానికి డబ్బు పెట్టించడం ఈ వ్యాపారం చేసిన పని. నలుపును తక్కువ కులంతో, తక్కువ పనితో కలిపి చూసే సమాజం ఆ వ్యాపారానికి పెట్టుబడి.

దీని ఖర్చు డబ్బుతో తీరేది కాదు. అడ్రసు లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలుస్తోంది. అది చర్మం గుండా దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడిన వాళ్లలో కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. ఇంకో ప్రమాదం స్టెరాయిడ్ ట్యూబులది. తామరకో, దురదకో, రంగుకో మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద ఆగుతుంది. లోపల తామర మాత్రం పాకుతూనే ఉంటుంది, ముదిరి మందులకు లొంగకుండా పోతుంది. ముఖానికి వాడితే చర్మం పల్చబడి, ఎర్రబడి, ట్యూబు మానితే మండుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. ఆ ఆదేశం మా ఊళ్ల మందుల షాపుల దాకా రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకే షాపుకు వెళ్తారు. అది అజ్ఞానం కాదు, లెక్క.

గ్లౌజులు ఇచ్చాం కదా!

ఎక్కడ అడిగినా అధికారులు, కాంట్రాక్టర్లు చెప్పే జవాబు ఒకటే: "గ్లౌజులు ఇచ్చాం, వాళ్లే వేసుకోరు." ఈ జవాబును కాస్త విప్పి చూద్దాం.

నూలు గ్లౌజు తడి చెత్తను పీల్చుకుంటుంది. అంటే మురికిని రోజంతా చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది. పల్చటి ఆసుపత్రి గ్లౌజు గాజు పెంకు తగిలితే చిరుగుతుంది. దళసరి రబ్బరు గ్లౌజులో మే నెలలో చెమట నిలిచి చర్మం నానిపోతుంది, లోపలే పుండు పడుతుంది. సైజు పెద్దదైతే చీపురు పట్టు జారుతుంది. మిర్చి తొడిమ తీయాలంటే వేలి కొసకు స్పర్శ తెలియాలి. దళసరి గ్లౌజుతో పని సగం కూడా సాగదు. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట గ్లౌజు వేసుకోవడమంటే తన కూలి తానే కోసుకోవడం. నైట్రైల్ గ్లౌజు, లోపల పల్చటి నూలు గ్లౌజు, చెమట పట్టినప్పుడు మార్చుకోవడానికి రెండో జత ఉంటే చాలావరకు నడుస్తుంది. కానీ ఆ మాట ఆ చేతుల వాళ్లనే అడిగి కొన్న ఆఫీసు మాకు కనబడలేదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, గ్లౌజు చివరి అడ్డం మాత్రమే. మొదట ఆపవలసింది మూలంలో. సిమెంటే దీనికి సాక్ష్యం. తడి సిమెంటు ఘాటైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. దానిలో ఉండే ఒక రకం క్రోమియం వల్ల మేస్త్రీలకు, కూలీలకు జీవితాంతం వదలని అలర్జీ వస్తుంది. డెన్మార్క్‌లో 1980ల మొదట్లో సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలుపెట్టారు. అది చవకైన పదార్థం, ఆ క్రోమియాన్ని హాని తక్కువ చేసే రూపంలోకి మారుస్తుంది. తర్వాత యూరోపియన్ యూనియన్ 2005 నుంచి సిమెంటులో ఆ క్రోమియానికి కట్టుదిట్టమైన పరిమితి పెట్టింది. అక్కడ కొత్తగా వచ్చే సిమెంటు అలర్జీ కేసులు తగ్గాయి. కూలీ చేతికి క్రీము రాయలేదు, సిమెంటునే మార్చారు. ఎవరి చేతికి విలువ ఉందో అక్కడ సరుకు మారుతుంది. విలువ లేనిచోట చెయ్యే మారాలంటారు.

నీళ్లు

చర్మాన్ని కాపాడే మొదటి మందు నీళ్లు. ఏ మందు పుస్తకం చూసినా అదే ఉంటుంది: తగిలిన వెంటనే కడుక్కోవాలి. రోడ్లు ఊడ్చే ఆమె తెల్లవారుజాము నుంచి పనిలో ఉంటుంది. ఆమె తిరిగే వీధుల్లో చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి చూపించగలరా? ఏదో ఒక ఇంటి గేటు దగ్గర అడగాలి. అడిగితే పైనుంచి పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. అదే చేతితో టిఫిన్ డబ్బా మూత తియ్యాలి.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నారు. అది దాహం తీర్చుకోవడానికి కాదు, మనుషులుగా నిలబడటానికి. దాదాపు నూరేళ్లు గడిచాయి. చెరువు దగ్గర ఉన్న అడ్డం పని దగ్గరికి మారింది. నీళ్లు అందకుండా చేసి, తర్వాత "వీళ్లు శుభ్రంగా ఉండరు" అనడం కులానికి పాత అలవాటు. చేతుల మీద పుండ్లు, పగుళ్లు కనబడితే ఆ మాటకు సాక్ష్యం దొరికినట్టు చూస్తారు. పని వల్ల వచ్చిన జబ్బు అంటరానితనానికి కొత్త సాకు అవుతుంది. హోటల్లో గ్లాసు వేరుగా పెట్టడానికి, బస్సులో పక్కన కూర్చోకపోవడానికి అది కారణంగా చూపిస్తారు.

మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ల వివరాలను నమస్తే పథకం కింద కేంద్రం సేకరించింది. 2024 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పిన లెక్కలో 54,574 మంది ఉన్నారు. వాళ్లలో 37,060 మంది, అంటే దాదాపు 68 శాతం, ఎస్సీలు. కులం లేదని వాదించే వాళ్లకు ఈ ఒక్క అంకె చాలు.

చట్టంలో ఏముంది

చర్మ జబ్బును చట్టం గుర్తించలేదని అనుకుంటారు. అది నిజం కాదు. పాత ఫ్యాక్టరీల చట్టం 1948 మూడో షెడ్యూల్లో రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మ జబ్బు ఉంది. క్రోమియం పుండు కూడా ఉంది. 1923 నాటి పరిహార చట్టంలోనూ పని వల్ల వచ్చే చర్మ జబ్బులు ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత కోడ్, సామాజిక భద్రత కోడ్ రెండింటి షెడ్యూళ్లలోనూ ఈ జబ్బులు కొనసాగుతున్నాయి. షెడ్యూల్లో ఉన్న జబ్బును చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలి.

మరి ఎందుకు ఒక్క కేసూ మన కంట పడదు? ఎందుకంటే చట్టం "యజమాని ఎవరు" అని అడుగుతుంది. తొడిమలు తీసే ఆమెకు యజమాని ఎవరు? రైతా, కమిషన్ వ్యాపారా, కోల్డ్ స్టోరేజీ వాళ్లా, పిలుచుకొచ్చిన మేస్త్రీనా? నలుగురూ "నేను కాదు" అంటారు. పారిశుధ్య కార్మికురాలి సంగతీ అంతే. పని మున్సిపాలిటీది, జీతం ఏజెన్సీది, పుండు ఆమెది. పైగా వృత్తి భద్రత కోడ్ మామూలుగా పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. చెట్టు కింద కూర్చున్న ఆరుగురు అందులోకి రారు.

2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం, దాని నియమాలు రక్షణ పరికరాలు ఇవ్వడం యజమాని బాధ్యత అని చెబుతాయి. 2023 అక్టోబరు 20న బలరాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు మురుగు కాల్వ మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. వైకల్యం వస్తే కనీసం 10 లక్షలు, శాశ్వతంగా పని చేసుకోలేని స్థితి వస్తే కనీసం 20 లక్షలు ఇవ్వాలంది. చావు కంటే ముందు శరీరానికి జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన తీర్పు అది. ఆ దారినే ఇంకొంచెం ముందుకు జరిపి, చర్మాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

ఏం చేద్దాం

మొదటిది, లెక్క తీద్దాం. విద్యార్థి మిత్రులు తమ ఊరిలో, తమ వార్డులో ఈ పని మొదలుపెట్టవచ్చు. ఏ పని, ఎన్నేళ్లుగా, ఒంట్లో ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నవి రాసుకోండి. ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "సెలవు రోజుల్లో తగ్గుతోందా? మళ్లీ పనిలోకి వెళ్లగానే తిరగబెడుతోందా?" అవునంటే అది పని తెచ్చిన జబ్బు అనడానికి బలమైన గుర్తు. ఒప్పుకుంటేనే ఫోటో తీయండి, తేదీ వేయండి. ఆసుపత్రి చీటీ మీద ఆమె చేసే పని ఏమిటో డాక్టరు చేత రాయించండి. చీటీ మీద "దురద" అని మాత్రమే ఉంటే అది ఇంటి సంగతి అవుతుంది. "మిర్చి పని వల్ల" అని ఉంటే అది సాక్ష్యం అవుతుంది.

రెండోది, చిన్నవిగా కనిపించే కోరికలను గట్టిగా పెడదాం. యార్డులో, కోల్డ్ స్టోరేజీలో, చెత్త సేకరించే చోట కుళాయి, సబ్బు, నూనె ఉండాలి. చేతులు కడుక్కునే సమయానికి కూలి కట్టాలి. గ్లౌజులు వాడేవాళ్లే ఎంచుకోవాలి, చిరిగిన రోజే మార్చాలి. బ్లీచింగ్ చేత్తో చల్లించకూడదు. జిల్లా ఆసుపత్రిలో చర్మ విభాగం సాయంత్రం పూట కూడా తెరిచి ఉండాలి, అప్పుడే కూలి పోకుండా చూపించుకోగలరు. మిర్చి యార్డుల్లో మార్కెట్ కమిటీలు వసూలు చేసే ఫీజులో ఒక భాగం ఈ ఆడవాళ్ల ఆరోగ్యానికి కేటాయించాలి. యజమాని ఎవరన్న తగాదా తేలేదాకా యార్డే బాధ్యత తీసుకోవాలి.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. రక్షణతో కూడిన కుల వృత్తి మన లక్ష్యం కాదు. మంచి గ్లౌజు వేసుకుని అమ్మ ఊడ్చిన రోడ్డునే కూతురు కూడా ఊడ్చేలా ఉంటే మనం గెలిచినట్టు కాదు. కులం పనులను పంచడమే కాదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని అంబేడ్కర్ చూపించారు. ఆ మెట్లు కూలేదాకా కింది మెట్టు మీద ఉన్నవాళ్ల ఒంటిని కాపాడుకోవాలి, కాపాడుకుంటూనే మెట్లను కూల్చాలి. ఒకటి చేస్తే రెండోది ఆగిపోదు. చేతులు మండని మనిషికి సంఘం మీటింగుకు రావడానికి, పిల్ల చదువు గురించి ఆలోచించడానికి కాస్త ఓపిక మిగులుతుంది.

ఈ మిర్చి సీజన్ అయిపోయేలోపు ఒక్క యార్డులోనైనా ఒక కుళాయి, ఒక సబ్బు, ఒక నూనె డబ్బా, ఒక రిజిస్టరు పెట్టించగలిగితే, వచ్చే సీజన్‌లో మిగతా యార్డులను "అక్కడ ఉంది, ఇక్కడ ఎందుకు లేదు" అని అడగవచ్చు. అడగడానికి మనకు కావలసింది ఆ మొదటి కుళాయే.